పొలం గట్టు వెడల్పుగా ఉంచాలా, చెక్కేయాలా? గట్టు మీద పంట తీసినవాళ్ళు చెప్పండి

రెండెకరాలరైతు
తెనాలి పక్కన మాకు రెండెకరాల మాగాణి. సార్వాకి (వానాకాలం పంటకి) వరి, తర్వాత మినుమో జొన్నో వేస్తాం. రెండు వైపుల గట్టు బాగా వెడల్పు, సైకిల్ నడిపించుకుంటూ పోవచ్చు. మిగతా రెండు వైపులా పక్క రైతులు ఏటా పారతో చెక్కి చెక్కి జానెడు చేశారు. ఇప్పుడు ఇంట్లో ఇదే పెద్ద చర్చ. ఉన్న వెడల్పు గట్లు కూడా సన్నం చేద్దాం, ఇంకో రెండు మూడు వరసలు నాటు పడుతుంది అని మా తమ్ముడు. అలాగే ఉంచి కంది, బంతి పెడదామని నేను. అమ్మ నా వైపే, ఆవిడకి గట్టు మీద పొన్నగంటి కూర కావాలి. మొక్కలుంటే ఎలుకలు చేరతాయి, పాములొస్తాయి, కోత మిషన్ దిగదు అంటాడు తమ్ముడు. గట్ల మీద ఏదైనా పెంచుతున్నవాళ్ళు ఏం వస్తోందో, ఏం ఇబ్బందో చెప్పండి. వీడియోల్లో చెప్పేవి చాలా చూశాను. మీ పొలంలో జరిగింది కావాలి.

డెల్టా_చిన్నోడు
కంది పెట్టేయండి. మా ఇంట్లో కందిపప్పు కొనడం మానేశాం.

సర్వేగొలుసు
ముందు తమ్ముడి మాట లెక్కలో చూద్దాం. రెండెకరాలు ఒక పక్క 209 అడుగులు, ఇంకో పక్క 417 అడుగులు ఉందనుకోండి. వెడల్పు గట్లు ఒకటి పొడుగు వైపు, ఒకటి పొట్టి వైపు అయితే కలిపి 626 అడుగుల పొడవు. అడుగు మేర చెక్కితే కలిసొచ్చేది 626 చదరపు అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు కాబట్టి సెంటున్నర కూడా లేదు. ఎకరానికి 75 కేజీల బస్తాలు 30 అవుతాయనుకున్నా, ఆ ముక్కలో అర బస్తా రాదు. దానికోసం గట్టు చెక్కిన కూలీ, తర్వాత గండ్లు పూడ్చిన కూలీ కలిపి చూసుకోండి.

పక్కవాళ్ళు చెక్కిన రెండు వైపులకీ ఇదే లెక్క. పోయింది తక్కువే అనిపిస్తుంది కానీ హద్దు రాయి దాకా వస్తే అది వేరే గొడవ. ముందు రాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోండి.

మొండిగట్టు
సర్వేగొలుసు గారి లెక్క బాగానే ఉంది, అందులో ఎలుకలు లేవు. వెడల్పుగా ఎత్తుగా ఉన్న గట్టు ఎలుకకి కట్టి ఇచ్చిన ఇల్లు. వరి చిరుపొట్ట దశలో, అంటే కంకి ఇంకా లోపలే ఉన్నప్పుడు, రాత్రికి రాత్రి దుబ్బులు కొరికి పడేస్తుంది. మా దగ్గర గట్టు అడుగు ఎత్తు, అడుగు వెడల్పుకి తగ్గించాక బొరియలు బాగా తగ్గాయి. సన్నటి గట్టులో ఎలుక బొరియ నిలవదు. నేను తమ్ముడి వైపు.

డెల్టా_చిన్నోడు
@మొండిగట్టు బొరియలు మీ గట్టులో తగ్గాయి సరే, ఆ ఎలుకలు ఎటు పోయాయి? కాలవ కట్టకి పోతాయి, అక్కడినుంచి మళ్ళీ మీ పొలానికే వస్తాయి. ఊరందరూ కలిసి ఒకేసారి పట్టాలి. మా ఊళ్ళో ఎలుకలు పట్టే యానాదులు ఎలుక బుట్టలు పెడతారు. నాట్లు వేసిన కొత్తలోనే పెట్టిస్తే ఫలితం ఉంటుంది, ఈనిక అయ్యాక, అంటే కంకి బయటికి వచ్చాక, ఎన్ని బుట్టలు పెట్టినా లాభం తక్కువ.

సింధనూరుక్యాంపు
మాది కర్ణాటక. తుంగభద్ర ఆయకట్టులో వరి. తాతల కాలంలో ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డాం, ఇంట్లో తెలుగే. గట్టు విషయంలో నాకు ఒకటే మాట: నీళ్ళు. సన్నటి గట్టుకి ఎండ్రకాయ ఒక్క చిల్లు పెట్టిందంటే తెల్లారేసరికి మడి ఎండుతుంది. అదీ యూరియా చల్లిన రోజే అయితే మందంతా పక్క మడికి. మనం చల్లినది వాళ్ళ పైరు తాగి పచ్చగా నిగనిగలాడుతుంటే, మనది పాలిపోయి ఉంటుంది. కాలవ చివర ఉన్నవాళ్ళకి వంతు తప్పితే మళ్ళీ నీళ్ళు ఎప్పుడో చెప్పలేం. అందుకని మేం వెడల్పు గట్టే ఉంచుతాం. నాటు ముందు లోపలి వైపు కొద్దిగా చెక్కి, బురద మెత్తి నున్నగా చేస్తాం. గడ్డి వేర్లు పైన ఉంటాయి, లోపలి వైపు బురద పొర ఉంటుంది. రెండూ కావాలి.

మొండిగట్టు
ఇది ఒప్పుకుంటాను. మాది కాలవ మొదట్లో పొలం కాబట్టి నీళ్ళకి ఇబ్బంది లేదు.

చైనుమిషన్
నాకు కోత మిషన్ ఉంది, సీజన్‌లో రాత్రీ పగలూ పొలాల్లోనే. గట్టు వెడల్పు వల్ల మాకు ఏ ఇబ్బందీ లేదు, నిజానికి గట్టి గట్టు ఎక్కి దిగడం సులువు. సన్నటి గట్టు చైను కింద నుజ్జయిపోతుంది, తర్వాత రైతు మమ్మల్ని తిడతాడు. ఇబ్బంది అంతా చెట్లతోనే. మూల మీద వేప చెట్టో, తాడి చెట్టో ఉంటే మలుపు తిరగదు, ఆ మూల చేత్తో కోసుకోవాలి. కాబట్టి దారి పక్క మూలలో పది పన్నెండు అడుగులు ఏమీ పెట్టకుండా వదలండి.

కంది సంగతి ఇంకోటి. డిసెంబర్‌లో మేం వరి కోసేటప్పటికి గట్టు మీద కంది ఇంకా నిలబడే ఉంటుంది. కొమ్మలు వరి మీదకి వాలితే కట్టర్ బార్‌లో పడతాయి. ముందురోజు ఎవరైనా తాడు కట్టి బయటికి లాగి ఉంచితే చాలు.

రెండెకరాలరైతు
@చైనుమిషన్ చాలా థాంక్స్ అన్నా, ఇది నాకు తట్టని విషయం. మూల వదిలేస్తాను.
@సింధనూరుక్యాంపు ఆ బురద మెత్తడం మా నాన్న చేసేవారు. ఇప్పుడు ఆ పని తెలిసిన కూలీలే దొరకడం లేదు.

సిద్దిపేటఅక్క
మీ అమ్మగారి పొన్నగంటి కూర దగ్గర ఆగిపోయాను. ఆ మాటని చిన్నగా చూడకండి. మా దగ్గర గెట్ల మీద ఒక కాలంలో చెంచలి కూర, తుమ్మి కూర, గంగవాయిల కూర, అడవి కాకర, బుడమ కాయలు అన్నీ దొరికేవి. నాట్లకి పోయిన ఆడవాళ్ళు వచ్చేటప్పుడు కొంగులో కూర తెచ్చుకునేవాళ్ళు. గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక అన్నీ పోయాయి. బతుకమ్మకి గునుగు పువ్వు గెట్ల మీదే కోసేవాళ్ళం, తంగేడు చెలకల అంచున. ఇప్పుడు పల్లెటూళ్ళో ఉంటూ గునుగు కట్టలు అంగట్లో కొంటున్నాం. రైతు ఇంట్లో గునుగు కొనుక్కొచ్చి బతుకమ్మ పేర్చడం నాకు చాలా బాధగా ఉంటుంది.

పోయినేడు మా ఆయనతో మాట్లాడి ఒక గెట్టుకి మందు కొట్టకుండా ఆపించాను. కొడవలితో కోయిస్తున్నాం, ఆ గడ్డి బర్రెకి వస్తోంది. గునుగు తనంతట తానే మొలిచింది, గింజ మట్టిలోనే ఉన్నట్టుంది.

పుంటికూర
అక్కా, ఆ గెట్టు ఎక్కడో చెప్పండి, బతుకమ్మకి మేమూ వస్తాం 🙂

సిద్దిపేటఅక్క
రా తమ్ముడూ, కోసేటప్పుడు కొన్ని మొక్కలు గింజకి వదిలితే చాలు.

పచ్చికట్ట
గడ్డి మందు గురించి అక్క అన్నది నిజం, ఒక్కటి కలుపుతాను. గ్లైఫోసేట్ కొడితే గడ్డి వేరుతో సహా చస్తుంది. ఆ వేరే మట్టిని పట్టుకుని ఉంచేది. మందు కొట్టిన గట్టు పెద్ద వానకి కరిగి మడిలోకి జారిపోతుంది. గాలి ఉన్నప్పుడు కొడితే పైరు అంచు వరసలు పసుపు రంగుకి తిరిగి ఎండుతాయి. 2022 అక్టోబరులో కేంద్రం ఆ మందు వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతుల మీదుగా మాత్రమే ఉండాలని పరిమితం చేసింది కూడా. ఊళ్ళలో మాత్రం సబ్బు కొన్నట్టు కొంటున్నారు.

ఎర్రనేల
అనంతపురం వైపు మెట్ట రైతుని. మీరంతా గట్టు మీద ఏముండాలో మాట్లాడుతున్నారు. మాకు గట్టు మీద ఏం ఉండకూడదో నేర్పింది 2000 ఖరీఫ్. ఆ ఏడాది వేరుశనగకి కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చి లక్షల ఎకరాలు పోయాయి. కొనలు మాడిపోవడం, కాండం నల్లబడి మొక్క చావడం. అప్పుడు శాస్త్రవేత్తలు తేల్చింది ఏంటంటే, వైరస్ ఉండేది గట్ల మీద, బీళ్ళలో పెరిగే వయ్యారిభామ అనే కలుపు మొక్కలో. దాని పుప్పొడితో పాటు వైరస్‌ని తామర పురుగులు వేరుశనగ మీదకి మోసుకొస్తాయి. ఆ మొక్కకి తెగులు లక్షణమే కనబడదు, పచ్చగా తెల్లగా పూలు పూస్తూ ఉంటుంది.

అప్పటినుంచి మా ఇంట్లో రెండు పనులు తప్పవు. వయ్యారిభామ పూతకి రాకముందే, తొలి వానలకే పీకేయడం. వేరుశనగ చుట్టూ సజ్జ గానీ జొన్న గానీ నాలుగు వరసలు దగ్గరగా వేయడం. గాలికి కొట్టుకొచ్చే తామర పురుగులు ఆ గోడ దగ్గర ఆగుతాయి. సజ్జ కంకులు పిట్టలకి, చొప్ప ఎద్దులకి. వయ్యారిభామ పీకేటప్పుడు చేతులకి గుడ్డ చుట్టుకోండి, దురదలు వస్తాయి.

కాబట్టి "గట్టు వదిలేయండి, ఏదో ఒకటి మొలుస్తుంది" అనే మాట నాకు నచ్చదు. గట్టుని కూడా చేనులాగే చూసుకోవాలి.

సిద్దిపేటఅక్క
@ఎర్రనేల మీరు చెప్పింది పూర్తిగా నిజం. మా గెట్టు మీద కూడా వయ్యారిభామని చేత్తో పీకించాకే గునుగు లేచింది.

పల్నాడుపిల్ల
నేను డల్లాస్‌లో ఉంటాను, పొలం అమ్మానాన్న చూసుకుంటారు, రోజూ వీడియో కాల్‌లో చేను చూపించాల్సిందే. మాది మిర్చి. చేను చుట్టూ ఆముదం, మధ్య మధ్యలో బంతి పెడతాం. పొగాకు లద్దె పురుగు ఆముదం ఆకు మీద గుడ్లు కుప్పగా పెడుతుంది, శనగపచ్చ పురుగు బంతి పూల మీద పెడుతుంది. చాలామంది ఇక్కడికి చెప్పి ఆపేస్తారు. తర్వాత పని ఉంది! రెండు మూడు రోజులకోసారి ఆముదం ఆకులు తిప్పి చూసి, గుడ్ల కుప్ప గానీ చిన్న పురుగులు జల్లెడలా తిన్న ఆకు గానీ కనబడితే తెంపి నాశనం చేయాలి. అలా చేయకపోతే ఆ ఆముదం చెట్టే పురుగుల్ని పెంచి చేనులోకి పంపుతుంది. మా అమ్మ పొద్దున్నే పాత బకెట్లో సబ్బు నీళ్ళు పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతుంది. నేను ఇక్కడ పడుకోబోయే టైముకి అక్కడ ఆ పని అవుతుంటుంది.

పుంటికూర
బంతి అయితే దసరాకి, దీపావళికి అమ్ముకోవచ్చు కూడా. మా అక్క గట్టు బంతి డబ్బులు తనే ఉంచుకుంటుంది, బావ అడగడు.

తమ్ముడినే
నేనే ఆ తమ్ముడిని. అన్నయ్య ఇక్కడ పోస్ట్ పెట్టాడని వదిన చెప్పింది. మొత్తం చదివాను.

సర్వేగొలుసు గారి లెక్కకి నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ కంది గురించి ఎవరూ మాట్లాడని విషయాలున్నాయి. ఒకటి, పురుగు. కంది పూతలో మరుకా మచ్చల పురుగు వచ్చి పూలని గూడు కట్టేస్తుంది. మేం జనవరిలో చూసేది మినుము. అదే పురుగు మినుముకీ వస్తుంది. గట్టు మీద పెంచి చేనులోకి దింపినట్టు కాదా? రెండు, కోయడం, కట్టలు కట్టడం, కొట్టడం. ఆ కాస్త కందికి కూలీలు రారు, అమ్మే చేస్తుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అన్నయ్య ఉద్యోగానికి గుంటూరు పోతాడు. మిగిలేది నేను, అమ్మ. నేను గట్టు వద్దంటున్నది దురాశతో కాదు.

రెండెకరాలరైతు
నువ్వు ఇక్కడికి రావడం మంచిదే అయింది రా. కోత నా సెలవు రోజుల్లో పెట్టుకుందాం, అమ్మని దింపను.

డెల్టా_చిన్నోడు
తమ్ముడు గారి మొదటి పాయింట్ సరైనది, నేను కందికి ఊరికే ఓటేశాను. మరుకా మబ్బు పట్టిన వాతావరణంలో ఎక్కువ. పూత గూళ్ళు తొలిసారి కనిపించగానే చేత్తో దులిపి ఏరేయాలి. మరీ ఎక్కువైతే ఆ కొమ్మలు కోసి తీసేస్తాం. గట్టు మీద ఒక్క వరసే కాబట్టి ఏరడం సాధ్యం, ఎకరం కంది అయితే కుదరదు. మా మినుముకి మరుకా గట్టు కంది లేని ఏళ్ళలో కూడా వచ్చింది కాబట్టి కంది వల్లే అని నేను గట్టిగా అనలేను.

రెండోదానికి: మొక్కకీ మొక్కకీ మూడడుగులు వదిలి పెట్టండి, వత్తుగా వద్దు. మోకాలెత్తు అయ్యాక కొన తుంచితే కొమ్మలు బాగా వేస్తుంది, కాయ చేతికి అందే ఎత్తులో ఉంటుంది. సగం కాయ మేం పచ్చిదే తెంపి ఉప్పేసి ఉడకబెట్టుకుని తింటాం, పిల్లలు ఉంటే ఇంకేం మిగలదు. ఎండింది మాత్రమే కొట్టేది. కందికట్టె పొయ్యిలోకి, పాదుల పందిరికి.

మొండిగట్టు
తమ్ముడూ, పాముల సంగతి మర్చిపోయారు మీరు. నేను గుర్తు చేస్తాను. వరి పొలంలో రక్తపింజర ఉంటుంది, గడ్డి ఒత్తుగా ఉన్న గట్టు మీద అది కనబడదు. వెడల్పు గట్టు ఉంచేవాళ్ళు నడిచే దారి మాత్రం కోసి శుభ్రంగా ఉంచండి, మొక్కలు ఒక అంచుకి పెట్టండి. రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్తే టార్చి, బూట్లు లేకుండా వెళ్ళొద్దు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు ఏవీ వద్దు, కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి. మా వాడకట్టులో ఒక కుర్రాడు ఆలస్యం అయి కిడ్నీలు దెబ్బతిని చాలా ఇబ్బంది పడ్డాడు. అందుకే నాకు గట్టు విషయంలో అంత పట్టుదల.

సింధనూరుక్యాంపు
ఇది అందరూ చదవాల్సిన పోస్ట్. జెర్రిపోతుని మాత్రం చంపకండి, ఎలుకల్ని తినేది అదే. ఏ పామైనా కర్ర ఎత్తకుండా పక్కకి జరిగితే అదే పోతుంది.

పచ్చికట్ట
గుడ్లగూబల కోసం పొలంలో టీ ఆకారంలో కర్రలు పాతండి. ఈనిక దాకా ఉంచి, గింజ పాలు పోసుకునే దశకి తీసేయండి, లేకపోతే పిట్టలు కూర్చుని కంకులు తింటాయి.

కోనసీమకొబ్బరి
ఆలస్యంగా చూశాను. మా వైపు గట్ల మీద కొబ్బరే. ఒక్క జాగ్రత్త, చెట్టు పెట్టేవాళ్ళు నీడ ఎటు పడుతుందో చూసుకోవాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నీడ ఉత్తరానికి పడుతుంది. మీ ఉత్తరం గట్టు మీద చెట్టు పెడితే ఆ నీడ పక్కవాళ్ళ చేలో, దక్షిణం గట్టు మీద పెడితే మీ చేలో. రెండోది మీ నష్టం, మొదటిది ఊళ్ళో పంచాయితీ. మా పెదనాన్న ఉత్తరం గట్టు మీద కొబ్బరి పెట్టే ముందు పక్కాయన్ని అడిగి, ఆ వరసలో కాయలు సగం ఆయనకే అని మాట ఇచ్చాడు. ఇద్దరూ పోయారు, పిల్లలం ఇప్పటికీ అలాగే పంచుకుంటున్నాం.

సర్వేగొలుసు
ఆ కాయల ఒప్పందం నాకు చాలా నచ్చింది. రెండెకరాలరైతు గారూ, చెక్కేసిన గట్ల విషయంలో కూడా మీరు ఇలాంటిదే ప్రయత్నించండి. ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ళ పొలం కొలతల పటం) నకలు తీసుకుని, ఇద్దరూ ఉండగా టేపు పట్టి హద్దు చూసి, గట్టు సగం మీది, సగం వాళ్ళది అనుకుని కలిసి వేసుకోండి. కొలిచేటప్పుడు పక్క రైతుని పిలవకుండా కొలిస్తే మొదటి రోజే చెడుతుంది.

తమ్ముడినే
పక్క రైతు మాకు వరసకి బాబాయే అవుతాడు. నేను మాట్లాడతాను, అన్నయ్య మాట్లాడితే ఇద్దరికీ కోపాలు వస్తాయి. గట్టు సంగతి అయితే ఇలా అనుకున్నాం: పొడుగు వైపు గట్టు అలాగే ఉంచుతాం, నడిచే దారి వదిలి బయటి అంచున ఒక్క వరస కంది. పొట్టి వైపు గట్టు ఎత్తు తగ్గించి చూస్తాం, బొరియలు ఎందులో ఎక్కువో తెలుస్తుంది. మందు రెండిటికీ కొట్టం.

రెండెకరాలరైతు
అమ్మ పొన్నగంటి కూర పొట్టి వైపు గట్టు మీద, మడి తూము పక్కన ఉంది రా. అక్కడ పార వేసే ముందు ఆవిడని అడుగు.

తమ్ముడినే
అడిగాను. తూము పక్కన పది అడుగులు ముట్టుకోవద్దంది. సరే అన్నాను.

పుంటికూర
అమ్మ గెలిచింది 🙏

రెండెకరాలరైతు
కంది రకం ఏది వేయమంటారు? మాది నల్లరేగడి.

డెల్టా_చిన్నోడు
మేం వేసేది గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం వాళ్ళ ఎల్‌ఆర్‌జీ 41. ఎండు తెగులు భయం ఉంటే ఆశ అని పిలిచే ఐసీపీఎల్ 87119 చూడండి, దానికి ఆ తెగులుని తట్టుకునే గుణం ఉంది. రెండూ ఆరు నెలలకి కాస్త అటూ ఇటూ పడతాయి, కాబట్టి తొలకరి వానలకే గట్టు మీద పెట్టేయండి, నాట్ల దాకా ఆగొద్దు. వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే కంది చస్తుంది, గట్టు పైఅంచున పెట్టండి, వాలులో కాదు. మీ రెండెకరాల గట్టుకి విత్తనం పావు కేజీ కూడా పట్టదు. తెనాలి వస్తే చెప్పండి, మా ఇంట్లో ఉన్నది ఇస్తాను.